కడుపుమంట సాక్ష్యం

ఎగ్యా ఎసూమన్‌కి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఎదుటివాళ్ళకి ఏ చిన్న మంచి జరిగినా ఓర్చుకోలేడు.

వయసు మళ్ళిన మగవాళ్ళని గౌరవంగా 'ఎగ్యా' అని పిలిచే ఆ సెకొండి ఊళ్ళో ఓర్వలేనివాళ్ళు ఇంకా చాలామందే ఉన్నారు. కానీ వాళ్ళంతా మర్యాదస్తులు. లోపల కుళ్ళుకుంటూ పైకి "చాలా సంతోషం" అంటారు. ఎసూమన్‌కి ఆ నాగరికత అబ్బలేదు. మీరు కొత్త చెప్పులు కొనుక్కున్నారనుకోండి, ఆయన తిన్నగా మీ గుమ్మంలోకి వచ్చి, పీట లాక్కుని కూర్చుని, ఆ చెప్పులకేసి కాసేపు చూసి, "నావల్ల కావట్లేదు. కడుపులో తిప్పేస్తోంది. కాసిని మంచినీళ్ళివ్వండి" అనేవాడు. ఇచ్చిన నీళ్ళు గడగడా తాగి, "మీ నీళ్ళు కూడా చల్లగా ఉన్నాయి" అని మళ్ళీ మొదలుపెట్టేవాడు.

ఉద్యోగం చేసిన రోజుల్లో ఆయన రైళ్ళలో టిక్కెట్లు చూసేవాడు. ప్రయాణికులంటే ఆయనకి మహా కుళ్ళు. "వీళ్ళంతా ఎక్కడికో ఒకచోటికి పోతున్నారు. నేను పోయి పోయి మళ్ళీ ఇక్కడికే వస్తాను" అనేవాడు. టిక్కెట్టు లేనివాడు దొరికితే మరీ దుఃఖం. "నేను యూనిఫారం వేసుకుంటే గానీ ఎక్కలేని రైలు, వీడు లుంగీ మీద ఎక్కాడు!"

భార్య ఎప్పుడో విడిపోయి టార్క్వాలో మరొకణ్ణి చేసుకుంది. ఆవిడ వెళ్ళిపోయిన బాధ కంటే, ఆవిడ చేసే పామ్‌కాయల పులుసు ఇప్పుడు మరొకడు తాగుతున్నాడన్న బాధ ఎక్కువైంది ఎసూమన్‌కి. ఒకసారి ఉండబట్టలేక టార్క్వా వెళ్ళాడు. ఆ రెండో మొగుడి పక్కనే కూర్చుని పులుసు తాగి, "నేనుండగా ఇంత చిక్కగా చేసేది కాదయ్యా" అని అతని భుజం మీదే తల ఆనించి వాపోయి తిరిగొచ్చాడు.

ఈ సంగతులన్నీ అందరికంటే బాగా తెలిసింది అరబాకి. ఎందుకంటే ఆ కడుపుమంటలో సగానికి పైగా ఆమె వాటాయే.

పాపా అకోన్ ఇంట్లో ఇద్దరూ అద్దెకుండేవాళ్ళు. నడుమ వాకిలి, చుట్టూ గదులు, గదికొక సంసారం, అందరికీ కలిపి ఒక కుళాయి, ఒక స్నానాల గది. మూల గది అరబాది. దానికి రెండు కిటికీలు, ఒకవైపు నుంచి సముద్రపు గాలి వస్తే రెండోవైపు నుంచి పోయేది. ఎసూమన్ గది స్నానాల గదికి ఆనుకుని ఉండేది. "ఈ ఇంట్లో ఎవరు స్నానం చేసినా ముందు తడిసేది నా గోడ" అనేవాడాయన.

అరబా కెంకీ చేసి అమ్మేది. మొక్కజొన్న నానబోసి, రుబ్బించి, పిండి పులియబెట్టి, అరటాకుల్లో చుట్టి, పెద్ద పెద్ద కుండల్లో ఉడకబెట్టేది. చేపల రేవు నుంచి వచ్చేవాళ్ళు ఆ వాసనకి దారి తప్పకుండా వచ్చేవారు. కొత్త పెళ్ళికూతురిగా ఆ గదిలో కాలుపెట్టిన రోజున మొదట పలకరించింది ఎసూమనే. "రెండు కిటికీలా?" అన్నాడు. అంతే, పేరు కూడా అడగలేదు.

కొన్నాళ్ళకి ఆ ఇంట్లో ఒక చిత్రమైన అలవాటు పడింది. ఎవరైనా ఏదైనా కొంటే పక్కవాళ్ళు "ఎంతకి కొన్నావు?" అని అడగడం మానేసి, "ఎగ్యా చూశాడా?" అని అడిగేవారు. ఆయన చూసి, పీట వేసుకుని, నీళ్ళడిగితే అది మంచి వస్తువు. ఆయన చూసి మాట్లాడకుండా పోతే ఆ వస్తువుని తిరిగిచ్చేసినవాళ్ళు కూడా ఉన్నారు. జడలల్లే ఎఫువాకి కవలలు పుట్టినప్పుడు ఆయన ఉయ్యాల దగ్గర నిలబడి, "జనానికి ఒక్కరు పుట్టడమే గగనం. ఈవిడకి టోకుగా ఇచ్చాడు దేవుడు" అన్నాడు. ఆ మాట ఎఫువా ఇప్పటికీ చెప్పుకుంటుంది. అంతకుముందు దాకా, ఇద్దర్నెలా పెంచాలా అని ఏడుస్తూ కూర్చుందామె. ఎఫువా మొగుడికి జ్వరమొస్తే ఆయన మంచం పక్కన పేర్చిన కమలాపళ్ళు చూసి, "నాకు జ్వరమొస్తే ఎవడు తెస్తాడు ఇన్ని?" అని, రోగి చేతే ఒకటి ఒలిపించుకుని తిన్నాడు.

అరబా మొగుడు అబిజాన్‌లో పని దొరికిందని వెళ్ళి, అక్కడే మరో సంసారం పెట్టాడని కబురొచ్చింది. ఇంట్లో ఆడవాళ్ళంతా ముఖాలు వేలాడేసుకుని ఆమె గదిలో కూర్చున్నారు. ఎసూమన్ వచ్చాడు. చుట్టూ చూశాడు. ఆయన చూపు మంచం మీద ఆగింది.

"ఇంత మంచమూ ఇక నీ ఒక్కదానిదేనా?" అన్నాడు. "అయితే నడిమధ్య పడుకోవచ్చు. కాళ్ళు చాపుకోవచ్చు. దుప్పటి ఎవడూ లాగడు. అబ్బబ్బ, కొంతమందికి ఏం రాసిపెట్టి ఉంటుందో!"

అరబా చేతిలో ఉన్న తెడ్డు గిరాటు పెట్టింది. ఆయన వంగాడు. తెడ్డు గోడకి తగిలింది. అప్పుడామెకి నవ్వొచ్చింది. ఏడుపులోంచి నవ్వొచ్చినందుకు ఇంకా కోపమొచ్చింది. ఆయన్ని తిట్టిపోసింది. తిడుతూనే ఆయనకి వేడి కెంకీ, వేపిన చేప పెట్టింది.

ఆ తరవాత ఒక్కదాని రెక్కల కష్టం మీద అరబా ఒక్కొక్కటే అమర్చుకుంది. ఫ్యాను, కిటికీలకి గాజు పలకలు, వాకిట్లో రేకుల పాక, దాని కింద పొయ్యిలు, చివరికి నల్లటి పెద్ద నీళ్ళ ట్యాంకు. ఏది తెచ్చినా ఎసూమన్ చెప్పుల చప్పుడు కోసం చెవి ఒగ్గి ఉండేది. ఆ చప్పుడు వినిపించి, ఆయన వచ్చి కూలబడి, "చంపేశావు అరబా" అనేదాకా ఆ వస్తువు తనదైనట్టు తోచేది కాదు.

ఇలా ఉండగా పాపా అకోన్ పోయాడు. మంచి ముసలాయన. అద్దె తీసుకునేటప్పుడు కూడా మొహమాటపడేవాడు. రసీదు ఇచ్చేవాడు కాదు, అడిగేవాడు కాదు. "మాట చాలదా?" అనేవాడు. అంత్యక్రియలు ఘనంగా జరిగాయి. బ్యాండు మేళం, చావుకి కట్టే ఎర్రబట్టల్లో వీధంతా జనం. ఎసూమన్ పెట్టె దగ్గరికి వెళ్ళి, లోపల పరిచిన పట్టుగుడ్డ వేలితో తాకి చూసి, "ఎంత హాయిగా పడుకున్నాడో చూడండి" అని వెక్కి వెక్కి ఏడ్చాడు. చనిపోయిన మనిషి మీద ప్రేమతో ఏడ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు. అసూయతో ఏడ్చింది ఆయన ఒక్కడే.

ఆస్తి, అక్కడి పద్ధతి ప్రకారం, మేనల్లుడు క్వమెనాకి వచ్చింది. అక్రాలో ఉండేవాడు. మెరిసే బూట్లు వేసుకుని దిగి, వాకిట్లో నాలుగు మూలలూ తిరిగి, అరబా పాక ముందు ఆగాడు.

"ఈ పొగ, ఈ ఆకుల చెత్త నాకు పనికిరావు. నెలాఖరుకి ఖాళీ చెయ్యి" అన్నాడు.

"నెలాఖరుకా? ఉన్నట్టుండి పొమ్మంటే ఎక్కడికి పోతానయ్యా? నేనీ గదిలోకి వచ్చేనాటికి నీకు పాలపళ్ళు కూడా ఊడలేదు" అంది అరబా.

"అదంతా నాకెందుకు? ఇంకో సంగతి. పాక, ట్యాంకు, ఫ్యాను, ఆ గాజు పలకలు, ఏదీ కదపడానికి వీల్లేదు. ఇంటికి బిగించినవి ఇంటివే."

"అవన్నీ నేను కొనుక్కున్నవి!"

"రసీదులు చూపించు."

మాట చాలనుకునే ఇంట్లో రసీదులు ఎవరు దాచుకుంటారు?

"గోడలు చూడు, ఎలా మసిబారాయో" అన్నాడు క్వమెనా. "వాటికి సున్నం వేయించి మరీ వెళ్ళాలి. అందాకా నీ సామాను గడప దాటదు."

క్వమెనా ఎత్తు తరవాత బయటపడింది. ఆ పాకనీ ట్యాంకునీ తిండి దుకాణం పెట్టుకునే ఒక స్నేహితుడికి మాట్లాడేసుకున్నాడు. అరబాకి వెళ్ళడం పెద్ద సమస్య కాదు. కేతాన్‌లో ఆమె చెల్లెలి అత్తింటివాళ్ళకి చిన్న గది ఉంది, రమ్మన్నారు కూడా. కానీ ట్యాంకూ రేకులూ పొయ్యిలూ లేకుండా వెళితే అక్కడ ఏం ఉడకబెట్టాలి? చేతులు ఊపుకుంటూ వెళ్ళి కూర్చుంటే కెంకీ దానంతట అది తయారవుతుందా?

"రెంట్ ఆఫీసుకి వెళ్ళక్కా" అంది ఎఫువా. "అక్కడ బైడూ అమ్మగారని ఉంది. అద్దెకున్నవాళ్ళ గోడు ఆవిడే వింటుంది. ఆవిడ పేరెత్తితే ఇళ్ళవాళ్ళు గొంతు సవరించుకుంటారట."

అరబా వెళ్ళింది. బైడూ అమ్మగారు అంతా విని, క్వమెనాని కూడా పిలిపించి, ఒక రోజు చెప్పి, "ఎవరి సాక్షిని వాళ్ళు తెచ్చుకోండి" అంది.

సాక్షి దగ్గరే వచ్చింది చిక్కు. ట్యాంకు ఎవరిదో ఇల్లంతటికీ తెలుసు. కానీ ఇల్లంతా క్వమెనాకి అద్దె కట్టాల్సినవాళ్ళే.

"నేను రాలేనక్కా" అంది ఎఫువా, తల పైకెత్తకుండా. "కవలల్ని వేసుకుని రేపు నేనెక్కడికి పోతాను? నన్ను తిట్టు, కొట్టు, ఏమైనా చెయ్యి."

అరబా తిట్టలేదు. మిగతావాళ్ళు ఆమె ఎదురుపడితే కుళాయి దగ్గర పని గుర్తొచ్చినట్టు అటు తిరిగిపోయేవారు.

క్వమెనా మాత్రం హుషారుగా సాక్షిని వెతుకుతున్నాడు. "ఈ అరబా అంటే పడనివాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని వాకబు చేస్తే అందరి వేళ్ళూ ఒకే గది వైపు చూపించాయి. "ఎగ్యా ఎసూమన్ ఉన్నాడుగా. ఆవిడ గాలి పీల్చుకున్నా ఓర్చుకోలేడు."

ఆ సాయంత్రం పాక వెనక మాటలు వినబడి అరబా తెడ్డు తిప్పడం ఆపింది.

"ఎగ్యా, ఆ మూల గది మీకిష్టమట కదా?" అంటున్నాడు క్వమెనా.

"ఇష్టమేమిటి బాబూ! దానికి రెండు కిటికీలు. ఆ గదిని చూస్తూ చూస్తూ నా జుట్టు నెరిసిపోయింది."

"ఆవిడ పోగానే మీకే ఇస్తాను. మీరిప్పుడు కట్టే అద్దెకే. రెంట్ ఆఫీసుకి వచ్చి నా తరఫున నాలుగు మాటలు చెప్పాలి."

"నేనేం చెప్పాలి?"

"మీకు తెలియనిదేముంది? ఇన్నేళ్ళూ చూసిందే చెప్పండి. ఆవిడ గురించి మీ మనసులో ఉన్నదంతా కక్కెయ్యండి."

"అంతా కక్కెయ్యొచ్చా?" ఎసూమన్ గొంతులో ఆశ. "గవర్నమెంటు ఆఫీసులోనా? కూర్చోబెట్టి వింటారా?"

"వింటారు."

"అయితే వస్తాను."

తెడ్డు కుండలోనే వదిలేసి అరబా లోపలికి వెళ్ళిపోయింది. మర్నాడు ఆయన కెంకీ కోసం వస్తే అడిగేసింది.

"మీరు వాడి వైపు వెళ్తున్నారా ఎగ్యా?"

"వెళ్ళనా మరి? రెండు కిటికీలే అమ్మా!"

"అయితే నా కెంకీ మీకు లేదు. పోయి కిటికీలు తినండి."

ఎసూమన్ వెళ్ళిపోయాడు. ఆ పూట నుంచి కెంకీ కొనుక్కుని పోయే ప్రతివాడి వెంటా రోడ్డు మలుపుదాకా నడిచి, పొట్లం వంక చూస్తూ, "వేడిగా ఉందా? బాగా పులిసిందా? చెప్పొద్దులే, చెప్పొద్దు" అంటూ తిరిగొచ్చేవాడు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఎఫువా కుట్టుమిషను ఒకటి పాతది కొంటే దాని ముందు పీట వేసుకుని పొద్దస్తమానం "చంపేశావు ఎఫువా, చంపేశావు" అనడం మొదలుపెట్టాడు. వాకిటికి ఇవతల పిండి పిసుకుతున్న అరబాకి ఒళ్ళు మండిపోయింది. చక్రం తుప్పు పట్టిన మిషను! దానికేనా అంత కుళ్ళు? తన ట్యాంకుకి కూడా ఆయన అంతసేపు కుళ్ళలేదు. ఆ మంటకి పేరేమిటో తెలిసి, తనకీ ఈయన జబ్బు అంటుకుందేమిటా అని అరబా బిత్తరపోయింది.

రెంట్ ఆఫీసులో ఆ రోజు అరబా తరఫు బల్ల ఖాళీ. క్వమెనా తరఫున ఎసూమన్ దిగాడు. ఇత్తడి బొత్తాల రైల్వే కోటు వేసుకున్నాడు. బొత్తాలు తళతళలాడుతున్నాయి.

"మీ పేరు?" అంది బైడూ అమ్మగారు.

"క్వావ్ ఎసూమన్, రైల్వే. అమ్మా, మీ కుర్చీ తిరుగుతుందా?"

"తిరుగుతుంది."

"చుట్టూరా?"

"చుట్టూరా."

ఎసూమన్ కళ్ళు మూసుకుని ఒక్క నిట్టూర్పు విడిచాడు. "అడగండి" అన్నాడు.

"ఆ నీళ్ళ ట్యాంకు ఎవరిది?"

క్వమెనా వెనక్కి వాలి కాలు మీద కాలు వేసుకున్నాడు.

"ఎవరిదేమిటి, అదిగో ఆ మహాతల్లిది!" అని ఎసూమన్ లేచి నిలబడ్డాడు. "అది లారీలోంచి దింపిన రోజు నేను మరిచిపోతానా? చచ్చినా మరిచిపోను. ఆవేళ నాకు బెండకాయ పులుసు. ఒక్క ముద్ద గొంతు దిగితే ఒట్టు! మేమంతా కుళాయి దగ్గర బకెట్లు పట్టుకుని కొట్టుకుంటుంటే ఈవిడ దర్జాగా కుళాయి తిప్పుకుంటుందట. పైగా ఏమందో తెలుసా? 'ఎగ్యా, మీరూ పట్టుకోండి' అంది. అప్పుడింకా మండింది. ఇచ్చేటంత ఉందన్నమాట!"

క్వమెనా కాలు కిందికి దిగింది. "ఎగ్యా, కొంచెం ఆలోచించి..."

"ఆలోచించేదేముంది బాబూ, నువ్వేగా అంతా కక్కెయ్యమన్నావు!"

"పాక?" అంది బైడూ అమ్మగారు.

"ఆవిడదే. పాపా అకోన్ ఒక్క రేకుముక్క ఇచ్చినా నాకూ ఒకటివ్వమని ఆయన గుమ్మంలో పడుకునేవాణ్ణి. ఇవ్వలేదు కాబట్టే పడుకోలేదు. వాన పడితే ఆ రేకుల మీద ఎంత చప్పుడనుకున్నారు! నా గదిలో చప్పుడుండదు, వాన లోపలే పడుతుంది కనక."

"ఫ్యాను?"

"ఆవిడదే. దాని గాలికి ఆవిడ తెర ఎగురుతుంటే నా గదిలోంచి కనిపించేది. నేను అట్టముక్కతో విసురుకుంటూ చూసేవాణ్ణి. గాజు పలకలూ ఆవిడవే. ముందు చెక్క రెక్కలుండేవి, చెదపురుగులు భోంచేశాయి. నావి ఇంకా భోంచేస్తూనే ఉన్నాయి."

"గోడలు మసి చేసిందంటున్నారు?"

"మసా!" ఎసూమన్ రెండు చేతులూ పైకెత్తాడు. "ఏటేటా క్రిస్మస్‌కి తన డబ్బుతో సున్నం వేయించేది. ఆ తెల్లదనానికి నా కళ్ళు చెదిరేవి. మీరొచ్చి నా గోడలు చూడండమ్మా. అవి ఏ రంగో చెప్పగలిగితే నా కోటు విప్పి మీకిచ్చేస్తాను."

క్వమెనా ఇక ఉండబట్టలేకపోయాడు. "నువ్వు నా సాక్షివి! ఆవిడంటే నీకు గిట్టదని ఊరంతా చెప్పారు!"

"గిట్టదు! ఇప్పుడూ గిట్టదు!" అని ఎసూమన్ బల్ల మీద చరిచాడు. "కానీ ఆ ట్యాంకు మీ మామదే అయితే, ఇన్నేళ్ళూ నేనెవర్ని చూసి కుళ్ళినట్టు? ఇంటివాడి ట్యాంకుకి అద్దెకున్నవాడు ఎక్కడైనా కుళ్ళుతాడా? నా కడుపుమంటంతా ఉత్తుత్తిదేనంటావా? నేను పస్తులున్న పూటలు ఎవడిస్తాడు నాకు?"

ఆఫీసులో ఫైళ్ళు మోసేవాళ్ళు, వరసలో కూర్చున్నవాళ్ళు, అంతా పగలబడి నవ్వారు. బైడూ అమ్మగారు కుర్చీ అటు తిప్పి, ముఖం తుడుచుకుని, మళ్ళీ ఇటు తిప్పింది.

"చూడండి క్వమెనా గారూ" అంది. "ఇంత ఖచ్చితమైన సాక్షిని నేనీ కుర్చీలో కూర్చున్నాక చూడలేదు, పైగా తెచ్చింది మీరే. ఇల్లు చెడకుండా ఊడదీయగలిగినవి ఈవిడవి, ఈవిడ పట్టుకెళ్తుంది. పాక కింద సిమెంటు అరుగు ఊడదు, అది వదిలేస్తుంది. మనుషులుంటే గోడలు పాతబడతాయి, ఆ మాత్రానికి సున్నం అద్దెవాళ్ళ నెత్తిన రుద్దకండి. ఖాళీ చెయ్యమనే హక్కు మీకుంది, కాదనను. కానీ నెలాఖరుకి పొమ్మనడానికి ఆవిడేం సత్రంలో దిగలేదు. ఇల్లు చూసుకుని సర్దుకునేటంత గడువివ్వాలి, అంతవరకు ఆవిడ గుమ్మానికి అడ్డం నిలబడకండి. సామాను మీద చెయ్యి వేస్తే ఈసారి పిలిచేది నేను కాదు, పోలీసులు."

"అరుగు వదిలేస్తుందా?" అన్నాడు ఎసూమన్ ఆందోళనగా. "అంటే ఎవడికో ఊరికే దొరుకుతుందా?"

బయటికొచ్చాక అరబా ఆయన వెనకే పరుగు పెట్టింది.

"ఎగ్యా, ఆగండి. నేను మిమ్మల్ని..."

"నాతో మాట్లాడకు" అన్నాడాయన, నడక ఆపకుండా. "నువ్వు ట్యాంకుతో సహా పోతున్నావు. నేను స్నానాల గది పక్కన పడి ఉంటాను. రెండు కిటికీలు చేతిదాకా వచ్చి పోయాయి. నా నోరే నా కొంప ముంచింది."

"కెంకీ తిన్నారా?"

నడక ఆగింది. "లేదు" అన్నాడు.

అరబా తొందరపడకుండా సర్దుకుంది. వెళ్ళే రోజున ఇల్లంతా వాకిట్లోకి వచ్చి సాయం పట్టింది. ఎఫువా ఆమె మెడ పట్టుకుని ఏడిచింది, అరబా ఆమె వీపు నిమిరింది. గాజు పలకల్ని లారీవాళ్ళ చేతికివ్వడానికి ఎసూమన్ ఒప్పుకోలేదు. ఒక్కొక్కటే ఊడదీసి, తన రైల్వే కోటులో చుట్టి, లారీలో వాటి పక్కనే తనూ కూర్చుని కేతాన్‌దాకా వెళ్ళాడు. "ముందు సీట్లో ఆవిడ, వెనక సామాన్లతో నేను. చూశారా లోకం తీరు" అని దారిపొడుగునా వచ్చేపోయేవాళ్ళకి చెప్పాడు. కేతాన్‌లో సందు మొదట్లోనే లారీ ఆగిపోయింది. పలకలు దింపించి, చీకటి పడకముందే చేరాలని లోపలికి రాకుండానే అదే లారీలో తిరిగి వెళ్ళిపోయాడు.

కేతాన్ గది అరబాకి నచ్చలేదు. మోటారు రిపేరు షెడ్డు వెనక ఉంది. పైకప్పు చేతికందేటంత కిందికి ఉంది. ఉన్న ఒక్క కిటికీ తెరిస్తే ఎదురుగా పక్కింటి గోడ. ట్యాంకు నిలబెట్టింది, పాక వేయించింది, కానీ కెంకీ కొనేవాళ్ళకి ఇంకా దారి తెలియలేదు. చేసినదాంట్లో సగం మిగిలిపోయేది. చెల్లెలు "ఎలా ఉందక్కా?" అంటే "బాగానే ఉంది" అనేది. ఆ మాట అన్నప్పుడల్లా ఆ గది ఇంకాస్త ఇరుకయ్యేది.

ఒక ఆదివారం చర్చి వదిలాక సందులో చెప్పుల చప్పుడు వినిపించింది. అరబా గబగబా దుప్పటి సరిచేసింది. తరవాత సిగ్గుపడింది. ఈ గదికి దుప్పటి సరిచేస్తే మాత్రం ఏమొస్తుంది?

"మూల గదిలోకి ఎవరొచ్చారు ఎగ్యా?" అంది, ఆయన్ని పీట మీద కూర్చోబెట్టి.

"బ్యాంకులో పనిచేసేవాడు. ఫ్రిజ్ తెచ్చాడు. రోజూ నాకు ఐసు వేసిన నీళ్ళిస్తాడు. పొగరు కాకపోతే ఏమిటి?"

"ఇదీ నా కొత్త గది" అంది అరబా. చెప్పేసి నేల చూసింది.

ఎసూమన్ పైకి చూశాడు. కప్పు మీద వాన కారిన మరకలు. కిటికీ వైపు చూశాడు. పక్కింటి గోడ. నేల చూశాడు. మంచం చూశాడు, అది ఈ గదిలో అడ్డంగా తప్ప పట్టలేదు. ఏమీ మాట్లాడలేదు. షెడ్డులో ఎవరో ఇనుము మీద సుత్తితో కొడుతున్నారు. అరబా నీళ్ళ గ్లాసు తీసి దగ్గర పెట్టుకుంది. ఈయన కూడా మాట్లాడకుండా పోతే ఇక ఈ గది గదే కాదు.

ఆయన మళ్ళీ మొదటినుంచి చూడటం మొదలుపెట్టాడు. కప్పు, గోడ, నేల, గోడ. చీకట్లో తాళంచెవి పడేసుకున్నవాడిలా ఆయన కళ్ళు మూలమూలా తడుముతున్నాయి. నుదుటి మీద చెమట పట్టింది. పెదవులు కదులుతున్నాయి, మాట రావడంలేదు. అరబా ఆయన్నే చూస్తూ ఉండిపోయింది. కుళ్ళు ఈయనకి తుమ్ములాగా దానంతటదే వస్తుందని ఇన్నాళ్ళూ అనుకుంది. ఆయన వెతుకుతాడని, ఇంత కష్టపడి వెతుకుతాడని ఆమెకి ఎప్పుడూ తోచలేదు.

ఉన్నట్టుండి ఎసూమన్ పీట మీంచి లేచాడు. తలుపు దగ్గరికి వెళ్ళాడు. దాన్ని తోశాడు. లాగాడు. మళ్ళీ తోశాడు.

"అరబా!"

"ఏమిటి ఎగ్యా?"

"ఈ తలుపు బయటికి తెరుచుకుంటోంది!"

"అవును..."

"బయటికి!" ఆయన తలుపు పట్టుకునే గోడకి చేరగిలబడ్డాడు. "నా తలుపు లోపలికి తెరుచుకుని సగం గది మింగేస్తుంది. తలుపు వెనకాల ఏమీ పెట్టుకోలేక చచ్చిపోతున్నాను. నీకేమో గదంతా నీదే. మూలమూలా వాడుకోవచ్చు! ఇంత బుల్లి గదుల్లో ఇలాంటి తలుపులు పెట్టి దాస్తారా? చంపేశావు అరబా, చంపేశావు. కాసిని నీళ్ళివ్వు."

అరబా నీళ్ళిచ్చింది. ఆయన గడగడా తాగాడు. కెంకీ పెట్టింది, చేప పెట్టింది. ఆయన తింటూ కూడా తలుపు వంకే చూసి నిట్టూరుస్తూ తిన్నాడు. వెళ్తూ వెళ్తూ, "బయటికి తెరుచుకునే తలుపున్న ఇంట్లో కెంకీ ఎలా ఉంటుందో రేవు వాళ్ళందరికీ చెప్తాను. వాళ్ళూ వచ్చి ఏడవనీ" అన్నాడు.

చెప్పుల చప్పుడు సందు చివరికి వెళ్ళి ఆగిపోయింది. అరబా గుమ్మంలో నిలబడింది. అటూ ఇటూ ఎవరూ చూడటం లేదని తేల్చుకుని, తలుపు దగ్గరికి లాగింది. బయటికి తోసింది. మళ్ళీ లాగింది, మళ్ళీ తోసింది.

నిజమే. బాగుంది తలుపు.